శారమ్మ సాక్ష్యం

బెంగుళూరు,
10-2-1946

క్రీస్తునందు ప్రియమైన అక్క పున్నమ్మకు తమ్ముడు నెహెమ్యా వందనములతో వ్రాయునది. నేను క్షేమం. నువ్వూ, శారమ్మా, మిగిలిన రెండు గేదెలూ క్షేమమని తలుస్తాను.

సర్కారు పాల డైరీలో చేరి నాకు ఎనిమిది నెలలైంది. ఇక్కడి పద్ధతులు చూశాక మన పల్నాడులో పాలు పితికే తీరు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఇక్కడ పితికేవాడు సబ్బుతో చేతులు కడుక్కుని, తెల్ల చొక్కా తొడుక్కుంటే గాని పశువు దగ్గరికి పోడు. మనవాళ్లు వేళ్లు పాలల్లో ముంచుకుని పితుకుతారు. నువ్వూ అంతే. ఆ అలవాటు నేటితో మానాలి. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, పొడి చేత్తో పితకాలి. మొదటి నాలుగు ధారలు వేరే పట్టి పారబొయ్యాలి. జొన్నచొప్ప నరికి వెయ్యాలి, కట్టలకు కట్టలు ముందు పడేస్తే సగం తొక్కుడికే పోతుంది. రెండు పూటలా నానబెట్టిన పత్తిగింజలు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, దూడను తల్లి కంట పడకుండా వేరుచేసి గిన్నెతో తాగించాలి. దూడ నోరు పెట్టిన పొదుగు శుభ్రమైన పొదుగు కాదు.

పార్సెలులో ఒక గాజు సాధనం పంపిస్తున్నాను. లాక్టోమీటరు అంటారు. మంచి పాలల్లో వదిలితే దాని మీది ఎర్రగీత పైకి కనిపించేట్టు తేలుతుంది. గీత మునిగిందా, నీళ్లు కలిసినట్టే. ఎంత లోతు మునిగితే అంత నీళ్లు. దీన్ని నువ్వే స్వయంగా ఆసుపత్రి దొరసానమ్మ గారి చేతికివ్వు. మిషను వాళ్ల ఉప్పు తిని చదువుకున్నవాడు ఊరికి చేసిన ఉపకారంగా ఉంటుంది. వాడే విధానం కాగితం మీద రాసి జతచేశాను. పాలు రాగానే, క్షణం ఆలస్యం చెయ్యకుండా పరీక్షించాలి. రోగులూ బాలింతలూ పసిబిడ్డలూ తాగే పాలు గదా. పాలు పోసేవాళ్ల బండారం ఇక బయటపడుతుంది.

ఇట్లు,
నెహెమ్యా


గురజాల,
22-2-1946

ఒరేయ్ నెహెమ్యా,

దేవుడు నిన్ను దీవించును గాక. ఇంతకంటే ఎక్కువ చదివించకుండా ఉండును గాక. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దోళ్లు ఊరికే అన్లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. ఎనిమిది నెలల్నించి బర్రెల్ని చూస్తన్నోడివి, పాతికేళ్ల నించి పితుకుతన్నదానికి చెప్తన్నావు, వినాలి గదా. పొడి చేత్తో పితికా. రెండు రోజులు వేళ్లు మండినయ్యి, తరవాత అలవాటైంది. పాలు మునపటంత తొందరగా విరగటంలేదు. ఆ మాట నిజం, ఒప్పుకుంటన్నా. చొప్ప నరికి వేస్తన్నా. అదీ మంచిదే.

ఇంక దూడ సంగతి చెప్తా విను. ముసలితనంలో ఈనిందని దానికి శారమ్మ అని నువ్వే గదా పేరు పెట్టింది. దాని దూడను మేం ఇస్సాకు అంటన్నాం. ఆ ఇస్సాకును కంట పడకుండా వసారాలో కట్టేసి, శారమ్మ పొదుగు కింద కూచున్నా. గంటసేపు కూచున్నా. ఒక్క చుక్క చేపలేదు. ఇది బెంగుళూరు పద్ధతమ్మా అని నీ ఉత్తరం దానికి చదివి వినిపించా కూడా. మర్యాదగా చివర్దాకా విని, అప్పుడు తపేలాను తన్నింది. పోయి దూడను వదిలా. నాలుగుసార్లు కుడిచిందో లేదో, పొదుగంతా చేపుకొచ్చింది. దొరల ఆవుల సంగతి నాకు తెలీదు. పల్నాటి బర్రె బిడ్డ మొహం చూడందే పాలివ్వదు.

గాజు గొట్టం దొరసానమ్మ గారికిచ్చా. ఆమె చానా సంతోషపడి, నీ కాగితం ఇంగ్లీషులోకి చెప్పించుకుని విని, గొట్టాన్ని ఆసుపత్రి స్టోరు చూసే రాజారత్నానికి అప్పజెప్పింది. అది చేతికొచ్చిన కాణ్ణించి రాజారత్నం నడకే మారింది. డాక్టరు ఆమె కాదు, ఈయనే అన్నట్టున్నాడు. మన ఇంటికీ ఆసుపత్రికీ మధ్య గోడే గదా అడ్డం, నురగ తగ్గకముందే మన పాలు అక్కడుంటయ్యి. గీత మునిగీ మునగకుండా నిలబడింది. పరవాలేదులే అన్నాడు. రాఘవయ్య గారి పాలకు మాత్రం భేషుగ్గా తేలింది. ఆ మోతుబరి ఈ సంవత్సరం నించి ఆసుపత్రికి పాలు పంపుతన్నాడు. సాయంత్రం పితికి, తెల్లార్లూ తడి ఇసకలో కుండలు పెట్టించి, పొద్దున్నే కావిడి మీద మూడు మైళ్లు మోయిస్తన్నాడు. ఆయన ఇంటి నెయ్యికి నరసరావుపేటలో పెద్ద పేరు.

ఒంట్లో జాగర్త. తెల్ల చొక్కా మాసిపోకుండా చూసుకో.

నీ అక్క,
పున్నమ్మ


బెంగుళూరు,
8-3-1946

ప్రియమైన అక్కకు,

నన్ను ఎగతాళి చెయ్యి, శాస్త్రాన్ని ఎగతాళి చెయ్యకు. దూడ సంగతి సరే, మన గేదెలకు కొత్త గనక అలా చేసి ఉంటుంది.

సంతోషవార్త. లాక్టోమీటరు గురించి నేను రాసిన కాగితం ఆఫీసరు గారు చూసి మెచ్చుకుని, తెలుగులో అచ్చు వేయించారు. అడుగున నా పేరు. తెలుగు జిల్లాలన్నిటికీ, ఊరూరి పాల సంఘాలకూ, ఆసుపత్రులకూ, హాస్టళ్లకూ పంపించారు. మన దొరసానమ్మ గారు కూడా ఆఫీసరు గారికి నన్ను పొగుడుతూ ఉత్తరం రాసిందట. జూన్ ఆఖరుకు నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం వస్తుంది. అమ్మ పోయినప్పుడు రెండేళ్లవాణ్ణి, నన్ను పెంచి ఇంతవాణ్ణి చేసింది నువ్వు. ఆ గౌరవం నీకే చెందుతుంది.

పత్తిగింజలతో పాటు వేరుశనగ చెక్క కూడా మొదలుపెట్టు. నీళ్లు రోజుకు మూడుసార్లు తాగించు. పాలు పెరుగుతాయి, వెన్న శాతం కూడా పెరుగుతుంది. మీగడ నువ్వే చూస్తావు. ఎర్రగీత ఠీవిగా తేలకపోతే నన్నడుగు.

నెహెమ్యా


గురజాల,
4-4-1946

నెహెమ్యా,

అడగమన్నావు, అడుగుతన్నా.

నువ్వు చెప్పినట్టే చెక్క పెట్టా, గింజలు పెట్టా. పూటకు రెండు సేర్లిచ్చే శారమ్మ ఇప్పుడు మూడు సేర్లిస్తంది. మీగడ చూస్తే నువ్వు నమ్మవు, కాచిన పాల మీద గరిటె నిలబడేట్టుంది. ఇంతవరకు నీకు దణ్ణం పెట్టాలి. అచ్చులో పేరు పడ్డందుకు కూడా, పక్కింటి మహాలక్ష్మమ్మ గారి దాకా అందరికీ చెప్పుకొచ్చా.

ఇంక రెండో సంగతి. మీగడ పెరిగే కొద్దీ నీ గీత మునుగుతంది. శివరాత్రి పోయిన వారం కొంచెం మునిగింది. నవ్వి ఊరుకున్నా. మార్చి ఆఖర్లో రాజారత్నం గొట్టాన్ని ఎండకేసి పట్టుకుని, ఎనిమిదో వంతు నీళ్లు పున్నమ్మా, అన్నాడు. మొన్న ఆరో వంతన్నాడు. ఎండలు ముదిరే కొద్దీ పున్నమ్మకు ఆశ ముదిరిందని ఆసుపత్రి వరండాలో అనుకుంటన్నారంట. నేను ముందుండి మోసుకుపోయి ఇచ్చిన గొట్టం, నన్నే దొంగంటంది.

రాఘవయ్య గారి పాలు మాత్రం ఎప్పుడూ గీత దగ్గరే. ఒక్క రోజు ఇటు కాదు, అటు కాదు. అంత సరిగ్గా పాలిచ్చే బర్రెలు ఆ ఇంట్లోనే ఉన్నయ్యి. నర్సు దయామణి చెప్తంది, ఆ పాలు కాస్తే ఈగ రెక్కంత పొర కూడా కట్టదంట. నల్లనివన్నీ నీళ్లు, తెల్లనివన్నీ పాలు అనుకునే కాలం వచ్చింది.

నువ్వు పెద్దోడివి గదా, ఆ గొట్టంలో తిరకాసు ఎక్కడుందో చూసి రాయి. దొరసానమ్మ ఎండలకు కొండ మీదికి పోతంది, మళ్లా జూన్‌కు గాని రాదు. అప్పటిదాకా పెత్తనమంతా రాజారత్నానిదే.

పున్నమ్మ


బెంగుళూరు,
15-4-1946

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చూసి బాధపడ్డాను. ఆ సాధనం ఇంగ్లండు సీమలో తయారైంది. దానికి అక్కా తెలియదు, మోతుబరీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఇక్కడ రోజూ వందల కుండలు పరీక్షిస్తున్నాం, ఒక్కసారి తప్పు చెప్పలేదు.

నీ మీద అనుమానం కాదు. తపేలా కడిగి నీళ్లు పూర్తిగా వంపుతున్నావా? నువ్వు లేనప్పుడు ఎవరైనా కుండ ముట్టుకుంటున్నారా? ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఒంటరిదానివి, ఎండాకాలం, మేత దొరకదు. ఇబ్బందిగా ఉండి ఎప్పుడన్నా ఒక చెంబెడు కలిపితే, నాతో చెప్పుకోవడంలో తప్పేం లేదు. నేను ఏదో సర్దుబాటు చేస్తాను. కాని లాక్టోమీటరును నిందించకు. ఇప్పుడు దాని మీద నా పేరుంది.

నెహెమ్యా


గురజాల,
29-4-1946

మహారాజశ్రీ డైరీ పెద్దలు నెహెమ్యా గారికి,

నిన్ను ఒరేయ్ అనటానికి నోరు రావటంలేదు. ఆ పిలుపు నా తమ్ముడిది.

చెంబెడు కలిపితే చెప్పుకోమన్నావు. చెప్తా. నీకు రెండేళ్లప్పుడు నీ చేతిలో పెట్టిన పాలల్లో కలిపి ఉంటా, గుర్తు తెచ్చుకో. తమరి చదువుకు బర్రెను అమ్మినప్పుడు, దాంట్లో కూడా నీళ్లు కలిపే అమ్మి ఉంటా. నాకు మొగుడు పోయి పదిహేడేళ్లు. ఊళ్లో ఒక్కడు వేలెత్తి చూపలేదు. ఆ పని చెయ్యటానికి బెంగుళూరు నించి గాజు గొట్టం రావాల్సొచ్చింది.

పోయిన శుక్రవారం రాజారత్నం సంఘం పెద్దల్ని కూచోబెట్టాడు. రోగుల నోటికాడ పాలు కల్తీ చేసిందానికి సంఘంలో చోటెట్టా ఇస్తారన్నాడు. పాస్టరు ఏసయ్య గారు మంచోడే, నా మొహం చూళ్లేక నీ కాగితం వంక చూస్తా కూచున్నాడు. అచ్చు కాగితం గదా, వాక్యం చదివినట్టు చదివాడు. గీత మునిగితే నీళ్లు. కింద నీ పేరు. సొంత తమ్ముడే రాశాడు, ఇంకేం సాక్ష్యం కావాలన్నారు. అందరూ తానా అంటే తందానా.

ఆసుపత్రికి పాలు వద్దన్నారు. అది పోనీ, పెరుగు తోడేసుకుంటా. బల్ల కూడా ఆపారు. వచ్చే ఆదివారం నించి ప్రభువు రొట్టె, గిన్నె నాకివ్వరు. సంఘం ముందు నిలబడి, నీళ్లు కలిపాను క్షమించండి అని చెప్పిందాకా అంతే. బాప్తిస్మం తీసుకున్న కాణ్ణించి ఒక్క బల్ల తప్పలేదు నేను. ఇప్పుడు గుళ్లో చెప్పులు విడిచే కాడ, నీళ్ల పున్నమ్మ వచ్చిందని పిల్లకాయలు గుసగుసలాడుతన్నారు.

చెయ్యని తప్పు ఒప్పుకోను. నేను చచ్చినాక పెట్టెలో పడుకోబెట్టి ఒప్పించుకోమను. నాకు కడుపులో చానా మండుతంది నెహెమ్యా. వాళ్ల మీద కాదు.

పున్నమ్మ


బెంగుళూరు,
8-5-1946

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. ఆ చెంబు మాట నేను రాసి ఉండాల్సింది కాదు. మరిచిపో.

ఒక పని చెయ్యి. మళ్లీ పాలు పొయ్యనిస్తే, పితికిన వెంటనే తీసుకెళ్లకు. కుండకు తడిగుడ్డ చుట్టి, నీడన రెండు మూడు గంటలుంచి, బాగా చల్లారాక తీసుకెళ్లు. ఎందుకని అడగకు. మంచి జరుగుతుంది.

ఆ ఒప్పుకోలు సంగతి. నీళ్లు కలిపానని చెప్పనక్కర్లేదు. "తెలియక ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించండి" అంటే సరిపోతుంది. పొరపాట్లు లేనివాళ్లెవరు? ఒక్క ముక్కతో బల్ల తెరుస్తారు. జూన్ ఆఖరు దాకా ఈ గొడవ పెరగకుండా ఉంటే మనిద్దరికీ మంచిది.

నెహెమ్యా


గురజాల,
17-5-1946

నెహెమ్యా,

ఎందుకని అడగకన్నావు. అడక్కుండా కనుక్కున్నా.

ఫిబ్రవరిలో పాలు రాగానే చూడాలన్నావు. మేలో చల్లారినాక తీసుకుపొమ్మంటన్నావు. మధ్యలో ఏం జరిగిందా అని రెండు రోజులు ఆలోచించా. మధ్యాన్నం రాజారత్నం కునుకు తీసే వేళకు దయామణి ఆ గొట్టం కొంగులో పెట్టుకొచ్చి ఇచ్చింది. పిన్నీ, పగిలితే నా ఉజ్జోగం పోయిద్ది అంది. పొద్దున పితికి తడి ఇసకలో పెట్టిన పాలు ఉన్నయ్యి, దాంట్లో వదిలా. తేలింది. అవే పాలు ఒక సేరు గోరువెచ్చగా కాచి వదిలా. మునిగింది. మళ్లా చల్లార్చా, మళ్లా తేలింది. బర్రె ఒకటే, పాలు ఒకటే, పున్నమ్మ ఒకత్తే. వేడిగా ఉంటే దొంగ, చల్లబడితే దొర.

ఊరుకోలేదు. ఆ చల్లటి పాల మీద మీగడంతా తీసేసి వదిలా. గీత ఎగిరి పైకొచ్చింది. ఓహో అనుకుని ఒక సోలెడు నీళ్లు పోశా. దిగొచ్చి గీత దగ్గర బుద్ధిగా నిలబడింది. రాఘవయ్య గారి పాలు రోజూ నిలబడే చోటే. మీగడ నరసరావుపేటకు నెయ్యై పోతంది, నీళ్లు బాలింతల గ్లాసులోకి పోతన్నయ్యి, నీ గొట్టం దానికి పరీక్షలో మార్కులేసినట్టు ఏస్తంది. బాగా మేపి చిక్కటి పాలు, వెచ్చటి పాలు ఇచ్చేదాన్ని మాత్రం గుళ్లోంచి బయట నిలబెట్టింది. పాల నాణ్యం పెంచమన్నావు, పెంచా. అదే నా కొంప ముంచింది.

నాకు అయిదో తరగతి. ఒక మధ్యాన్నంలో తేలింది. నీకెన్నాళ్లు పట్టింది? పోయిన ఉత్తరం రాసేటప్పటికి నీకు తెలుసు. తెలిసే నన్ను ఒప్పుకోమన్నావు. అవునా, కాదా? ఒక్క ముక్క రాయి.

పున్నమ్మ


బెంగుళూరు,
24-5-1946

అక్కా,

అవును.

బల్ల ఆపారని నువ్వు రాసిన ఉత్తరం వచ్చాక పుస్తకం తీశాను. అందులో ఉంది. పాలు చల్లారాక, నురగ తగ్గాక చూడాలి, ఎంత వేడి ఉందో చూసి లెక్క సరిచేసుకోవాలి, వెన్న ఎక్కువున్న పాలు మోసం చేస్తాయి, ఇది ఒక్కటే నమ్మకూడదు అని. అంతా ఒక పేజీలో ఉంది. నేను ఆ పేజీ చదవలేదు. ఇక్కడ మంచులో పెట్టిన పాలే మా ముందుకొస్తాయి, ఆ అవసరమే రాలేదు. నేను చూసిందే రాశాను. ఆఫీసరు గారూ చూడకుండానే అచ్చు వేయించారు. ఇప్పుడు నేను చెబితే ఆయనకూ తలవంపు, నా కాగితం ఇక రాదు.

జూన్ ముప్పై. అంతవరకు ఓపిక పట్టు. ఖాయమయ్యాక నేనే మెల్లగా సరిచేస్తాను. నా పేరు మాత్రం బయటికి రానీయకు. నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

నెహెమ్యా


గురజాల,
4-6-1946

ఒరేయ్ నెహెమ్యా,

జూన్ ముప్పైకి నీ కాగితం ఖాయం. ఒకటో తారీకుకు నా సంగతి నేను ఖాయం చేసుకున్నా. విను.

దొరసానమ్మ కొండ దిగొచ్చింది. శనివారం బల్లకు సిద్ధపాటు కూటం గదా, అందరూ వస్తారు. ఏసయ్య గారి దగ్గరికి పోయి, నేను సంఘం ముందు నిలబడతానయ్యా, గొట్టం తెప్పించండి, దొరసానమ్మను పిలిపించండి అన్నా. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని దేవునికి స్తోత్రం అన్నాడు. రాజారత్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు.

నేను శారమ్మను తోలుకుపోయా. వెనక ఇస్సాకు. గుడి ముందర వేపచెట్టుకు కట్టేసి, అందరి ఎదటా పొదుగు కడిగి, తుడిచి, దూడను వదిలి, పొడి చేత్తో పితికా. ఖాళీ తపేలా ముందే బోర్లించి చూపించా. రాజారత్నాన్ని పిలిచి, వదులు నాయనా అన్నా. వదిలాడు. గీత మునిగింది. అలవాటు కొద్దీ, ఆరో వంతు నీళ్లు అనేశాడు.

అప్పుడన్నా. "అయ్యగారూ, మీరంతా చూస్తన్నారు, నేను చెంబు ముట్టలేదు. కలిపితే ఈ శారమ్మే కలిపుండాలి. ముందు దీనికి బల్ల ఆపండి, తరవాత నా సంగతి చూద్దాం."

దొరసానమ్మ లేచొచ్చి, జ్వరం చూసే గొట్టం తీసి పాలల్లో పెట్టింది. నూరు చూపించింది. ఆమె డాక్టరు గదా, ఇట్టే పట్టేసింది. ఆ తపేలా తడి ఇసకలో పెట్టించి, పాట పాడి, ప్రార్థన చేసి, రెండు గంటలు అందర్నీ కూచోబెట్టి మళ్లా చూసింది. తేలింది. పొద్దున రాఘవయ్య గారు పంపిన పాలు కాయించింది. పొర కట్టలేదు. రాజారత్నానికి దగ్గొచ్చింది. రాఘవయ్య గారి పాలు ఆదివారం నించి మానిపించారు. మనయ్యి మళ్లా పొయ్యమన్నారు. ఏసయ్య గారు రెండు చేతులూ పట్టుకుని, క్షమించమ్మా అన్నాడు. ఇంతవరకు నీ అక్క గెలిచింది.

తరవాత సంగతి రాయటానికే మూణ్ణాళ్లు పట్టింది. దొరసానమ్మ నీ కాగితం తీసి చూసి, నెహెమ్యా తెలివైనవాడు, ఇంత ముఖ్యమైన మాట ఎట్టా మరిచాడు, ఆఫీసరుకు రాసి అడుగుతా అంది. నాకు నీ మొహం కనపడింది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. వాడు రెండో కాగితం కూడా పంపాడమ్మా, పార్సెలు విప్పేటప్పుడు నేనే పారేసుకున్నా, నాదే తప్పు, అన్నా. నెల రోజులు చెయ్యని తప్పు ఒప్పుకోనని గింజుకున్నదాన్ని, నిలబడి చెయ్యని తప్పు ఒప్పుకున్నా. అందరూ నవ్వారు. పోన్లే పున్నమ్మా, పొరపాటులే అని అక్కడికక్కడే క్షమించారు.

తెల్లారి ఆదివారం నాకు బల్ల తెరిచారు. రొట్టె వచ్చింది, పక్కకు అందించా. గిన్నె వచ్చింది, పక్కకు అందించా. వాళ్లు ఆపినప్పుడు నా మనసు శుభ్రంగా ఉంది, ఆకలేసింది. వాళ్లు పెట్టినప్పుడు ముట్టలేకపోయా. సంఘం ముందు నిలబడి అబద్ధమాడిందాన్ని గదా.

నా సంగతి వదిలెయ్యి. నీ అచ్చు కాగితం ఊరూరికీ పోయిందన్నావు. మాచర్లలో ఎవరో, నాదెండ్లలో ఎవరో, వెచ్చటి పాలు తీసుకుపోయి దొంగ అనిపించుకుంటా ఉంటారు. నాకు శారమ్మ ఉంది, నోరుంది, గోడ పక్కన ఇల్లుంది. వాళ్లకేముందిరా? జూన్ ముప్పై దాకా ఓపిక పట్టమని వాళ్లకు ఎవరు చెప్తారు?

ఇంక నేను నిన్నేం అడగను.

పున్నమ్మ


బెంగుళూరు,
19-6-1946

అక్కా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మొదటి నాలుగు రోజులు పెట్టెలో దాచి పెట్టాను. జూన్ ముప్పై తరవాత తీద్దామనుకున్నాను. ఆ మాట కూడా నీకు తెలియాలనే రాస్తున్నాను.

అయిదో రోజు ఆఫీసరు గారి దగ్గరికి పుస్తకం తీసుకెళ్లి, ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. ఆయన చానాసేపు నన్ను తిట్టారు, తరవాత కాసేపు తనను తాను తిట్టుకున్నారు. తప్పు సరిచేసిన కాగితం అచ్చుకు పోయింది. పాత కాగితం ఎక్కడెక్కడికి పంపామో అక్కడికల్లా ఇది పోవాలి. విలాసాలన్నీ నేనే నా చేత్తో రాశాను. మాచర్ల, నాదెండ్ల, రాజుపాలెం అన్నీ రాశాను. ప్రతి ఊరి పేరు రాసేటప్పుడూ నువ్వన్న ఆ ఎవరో ఆడమనిషి అక్కడ నిలబడి ఉన్నట్టే ఉంది. నా ఉద్యోగం ఈ జూన్‌కు ఖాయం కాదు. ఇంకో ఏడాది చూస్తారట, అదీ వాళ్ల దయ.

రెండో కాగితం ఎప్పుడూ లేదని దొరసానమ్మ గారికీ, ఏసయ్య గారికీ వేరువేరుగా ఉత్తరాలు రాశాను. నువ్వు అబద్ధమాడింది నా కోసమనీ, ఆడించింది నేననీ రాశాను.

నిన్ను ఒంటరిదానివని, ఇబ్బంది పడి కలిపావేమోనని అడిగాను చూడు, ఆ ముక్కను ఏ కాగితమూ సరిచెయ్యదు. దానికి నేను వచ్చి నీ ఎదట కూచోవాలి. సెలవు దొరికింది. గుంతకల్లులో బండి మారి జూలై ఆరు, శనివారం సాయంత్రానికి గురజాలలో దిగుతాను.

మర్నాడు, జూలై మొదటి ఆదివారం, సంఘం ముందు నేను నిలబడతాను. నాకు ఎన్ని నెలలు బల్ల ఆపుతారో ఆపనీ. నువ్వు మాత్రం నా పక్కకు రావద్దు, ఆడవాళ్ల వైపు నీ చోట నువ్వు కూచో. గిన్నె నీ దగ్గరికొస్తే పక్కకు అందించకు, తీసుకో.

నీ తమ్ముడు,
నెహెమ్యా